అయోవాలో నాలుగు వేల మంది ఉండే ఊరికి వెళ్ళాలా? అక్కడి బతుకు గురించి నాకు తెలిసింది

ప్రశ్న ఇది: ఎడిసన్‌లో ఉంటున్నాం. మావారు డాక్టర్, రెసిడెన్సీ అయిపోవస్తోంది. జే-1 వేవర్ (శిక్షణ అయ్యాక రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళాలన్న వీసా నిబంధన నుంచి మినహాయింపు) మీద అయోవాలో నాలుగు వేల జనాభా ఉన్న ఊళ్ళో మూడేళ్ళ ఉద్యోగం వచ్చింది. పాపకి ఏడేళ్ళు. చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప ఏమీ ఉండవంటున్నారు. అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు? మమ్మల్ని కలుపుకుంటారా? పిచ్చెక్కకుండా ఉండగలమా?

అమ్మా, నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి, అప్పటినుంచి సెంట్రల్ అయోవాలోనే అగ్రానమిస్టుగా పనిచేస్తున్నాను. పొలాలకు వెళ్ళి మట్టి నమూనాలు తీయడం, ఏ చెక్కలో ఏ విత్తనం వేస్తే బాగుంటుందో చెప్పడం నా పని. మా పిల్లలు ఇలాంటి ఊళ్ళోనే పుట్టి పెరిగారు. మీరు వెళ్ళండి. కాకపోతే మూడేళ్ళు చుట్టాల్లా ఉండి వచ్చేద్దాం అనుకుని మాత్రం వెళ్ళకండి. అలా ఉంటే మర్యాదకి లోటుండదు గానీ మూడో ఏడు కూడా ఆ మర్యాద దగ్గరే ఆగిపోతారు. ఏదో ఒక ఊరి పని భుజాన వేసుకున్నవాళ్ళకి మాత్రం ఆ ఊరు చాలా త్వరగా సొంతమవుతుంది. ఎందుకంటే, ఆ ఊరు నడిచేదే అలా.

మన పల్లెని మాత్రం ఊహించుకోకండి. మన దగ్గర రైతులు ఊళ్ళో కాపురం ఉండి పొద్దున్నే పొలానికి పోతారు. ఇక్కడ రైతు ఇల్లు పొలంలోనే ఉంటుంది. 1785లో చేసిన చట్టం ప్రకారం ఈ నేలనంతా ఆరు మైళ్ళ చదరాలుగా కొలిచారు. ఒక్కో చదరంలో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. ఇప్పటికీ మైలు మైలుకీ ఒక కంకర రోడ్డు, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆ రోడ్ల పక్కన ఎక్కడో ఒక ఇల్లు, నాలుగు చెట్లు, ధాన్యం నిలవ చేసే గుండ్రటి రేకు బిన్లు. పక్కింటివాళ్ళు అరమైలు దూరంలో ఉంటారు. ఊరు అనేది ఈ రైతులకి కావలసినవన్నీ ఒకచోట పెట్టిన స్థలం: బ్యాంకు, బడి, కోర్టు, ఆసుపత్రి, ట్రాక్టర్ల షాపు, రైతుల దగ్గర ధాన్యం కొని ఎత్తైన గోపురాల్లో నిలవ చేసే కేంద్రం (దాన్ని ఎలివేటర్ అంటారు). ఊళ్ళో కాపురం ఉండేది టీచర్లు, నర్సులు, మెకానిక్కులు, రిటైరై పొలం కొడుక్కో కౌలుకో ఇచ్చేసిన పెద్దవాళ్ళు. మీ పక్కిల్లు కూడా బహుశా అలాంటి పెద్దవాళ్ళదే అవుతుంది.

మా దగ్గర్లోని జెఫర్సన్‌నే తీసుకోండి. గ్రీన్ కౌంటీ ముఖ్యపట్టణం, 2020 లెక్కల్లో 4,182 మంది. తీరం నుంచి తీరానికి కార్ల కోసం వేసిన తొలి రోడ్డు, లింకన్ హైవే, ఈ ఊరి మీదుగానే పోయింది. ఎన్నికల సర్వేలకి పేరుపడ్డ జార్జ్ గాలప్ 1901లో పుట్టింది ఇక్కడే. కోర్టు ఆవరణలో 1966లో కట్టిన ఎత్తైన గంటల గోపురం ఉంది. పైకెళ్ళి చూస్తే కనుచూపు మేర పచ్చటి గళ్ళు కనిపిస్తాయి. పాత రైలు కట్ట మీద వేసిన మంచి సైకిల్ దారి ఇక్కడే మొదలవుతుంది. ఇంత ఉన్నా ఆ కౌంటీలో 1900లో పదిహేడు వేలకి పైగా ఉన్న జనం 2020కి 8,771కి వచ్చారు. అయోవాలో ఉన్న 99 కౌంటీల్లో చాలావాటి కథ ఇదే.

జనం ఎందుకు తగ్గారో తెలిస్తేనే అక్కడివాళ్ళ స్వభావం అర్థమవుతుంది. ఒకప్పుడు 160 ఎకరాల మీద ఒక కుటుంబం బతికేది. ఇప్పుడు మొక్కజొన్న, సోయా మీదే బతకాలంటే వెయ్యి, రెండు వేల ఎకరాలు చేయాల్సి వస్తోంది. కోత యంత్రం, అంటే కంబైన్, కొత్తది కొనాలంటే అర మిలియన్ డాలర్లు దాటుతుంది. సగానికి పైగా భూమి కౌలుదే. ఎకరానికి ఏడాదికి 270, 280 డాలర్ల దాకా కౌలు. ఎకరానికి 200 బుషెళ్ళు, అంటే మన లెక్కలో యాభై క్వింటాళ్ళు పండినా, బుషెల్ నాలుగు డాలర్లు పలికితే చేతికొచ్చేది 800. అందులో మూడో వంతు కౌలుకే పోతుంది. ఇంకా విత్తనం, ఎరువు, మందులు, డీజిల్, మిషన్ల వాయిదాలు ఉన్నాయి. ధర చికాగో మార్కెట్టులో తేలుతుంది, రైతు చేతిలో ఏమీ ఉండదు. ఇది మనకి కొత్త కథ కాదు కదా.

1980ల దెబ్బ గురించి మాత్రం తప్పకుండా తెలుసుకుని వెళ్ళండి. 1981లో అయోవాలో ఎకరం సగటు ధర 2,147 డాలర్లు. 1986కి 787కి పడిపోయింది. భూమి ధర చూసి అప్పులిచ్చిన బ్యాంకులు ఇరవై శాతం దరిదాపుల వడ్డీతో వెంటపడ్డాయి. తాతల నాటి పొలాలు వేలం వేశారు, ఊళ్ళో బ్యాంకులే మూతబడ్డాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. కష్టంలో ఉన్న రైతు ఫోన్ చేసి మాట్లాడుకోడానికి అయోవా స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (రైతులకి సాయపడే విస్తరణ విభాగం) వాళ్ళు 1985లో పెట్టిన హెల్ప్‌లైన్ ఇప్పటికీ నడుస్తోంది. అప్పుడు పాతికేళ్ళున్న కుర్రాళ్ళే ఇప్పుడు మీవారి దగ్గరికి బీపీ చూపించుకోడానికి వస్తారు. డబ్బు గురించి, బాధ గురించి వాళ్ళు నోరు విప్పరు. "ఎలా ఉన్నారు" అంటే "పర్వాలేదు" అంటారు. ఆ పర్వాలేదు వెనక ఏముందో మీవారు నెమ్మదిగా కనుక్కోవాలి. నా అనుభవంలో పొలం గట్టున, ట్రక్కుకి ఆనుకుని, ఇద్దరూ చేను వైపు చూస్తూ మాట్లాడుతున్నప్పుడే ఆ మాటలు బయటికొస్తాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త. మనవాళ్ళం రైతు కనిపించగానే "ఎన్ని ఎకరాలండీ?" అని అడుగుతాం. అక్కడ అది బ్యాంకు బ్యాలెన్స్ ఎంత అని అడిగినట్టు. ఎన్ని పశువులున్నాయి అన్నదీ అంతే. వానలు ఎలా ఉన్నాయి, విత్తడం అయిందా, మీ పాప బాస్కెట్‌బాల్ ఆడుతోందా అని అడగండి, గంటసేపు మాట్లాడతారు. బాస్కెట్‌బాల్ అన్నాను కాబట్టి చెబుతున్నాను, అయోవా అమ్మాయిలు 1993 దాకా జట్టుకి ఆరుగురితో వేరే పద్ధతిలో ఆడేవారు. మీ పక్కింటి బామ్మ ఒకప్పుడు ఊరంతా చూడ్డానికొచ్చిన ఆటగత్తె అయ్యుండొచ్చు. ఆ సంగతి కదిపి చూడండి, పాత ఫొటోలు తీసి చూపిస్తారు.

ఇప్పుడు ఊరు ఎలా నడుస్తుందో చెబుతాను. అగ్నిమాపక దళంలో జీతగాళ్ళుండరు. పేజర్ మోగితే టైర్ల షాపు ఓనరు, స్కూల్లో లెక్కల మాస్టారు, బ్యాంకు కుర్రాడు చేతిలో పని వదిలేసి పరిగెత్తుతారు. చాలా ఊళ్ళలో అంబులెన్స్ కూడా అలాగే నడుస్తుంది. స్కూల్ బోర్డు సభ్యులకి జీతం ఉండదు. లైబ్రరీ, ఈత కొలను, జూలై 4 ఊరేగింపు, అన్నిటి వెనకా అదే పాతిక ముప్పైమంది ఉంటారు. వాళ్ళలో సగం మందికి అరవై దాటాయి. ఎవరైనా పోతే చర్చి బేస్‌మెంట్‌లో భోజనాలు పెట్టేదీ ఆ ఆడవాళ్ళే: హ్యామ్ శాండ్‌విచ్, బంగాళాదుంప సలాడ్, ట్రేల నిండా తీపి బార్లు. మనుషులు తగ్గుతున్నారు, పనులు మాత్రం తగ్గడం లేదు. అందుకే కొత్తగా వచ్చిన కుటుంబం అంటే వాళ్ళకి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, కానీ మొహమాటం కొద్దీ అడగరు. మీరే "శనివారం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్‌కి వడ్డించడానికి మనిషి కావాలా?" అనాలి. కావాలనే అంటారు.

మీవారి విషయంలో ఇది ఇంకా నిజం. ఇలాంటి ఊళ్ళ ఆసుపత్రులు పాతిక పడకలకి మించని క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రులు. కాన్రాడ్ 30 పథకం కింద ఏటా రాష్ట్రానికి ముప్పై మంది విదేశీ డాక్టర్లకి వేవర్ ఇప్పించుకునే వీలుంది. మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్ళలో మన తెలుగు డాక్టర్లు కనిపించడానికి అదొక పెద్ద కారణం. డాక్టర్లు దొరక్క చాలాచోట్ల కాన్పుల వార్డులే మూసేశారు. అందుకని కొత్త డాక్టర్ వస్తే ఊరి వారపత్రికలో ఫొటో వేస్తారు. ఫొటో వేసి, మూడేళ్ళకి వెళ్ళిపోతారేమో అని లోలోపల అనుకుంటారు. గతంలో అలా వెళ్ళినవాళ్ళని చూశారు మరి. మొదట్లో వాళ్ళు కాస్త దూరంగా ఉన్నట్టనిపిస్తే దానికి సగం కారణం ఇదే. మీరు వెళ్ళిపోవడం తప్పు కాదు. ఉన్నన్నాళ్ళూ అక్కడివాళ్ళుగా ఉంటే చాలు, వాళ్ళు ఇంకేం కోరరు.

ఊరి అసలు రూపం చూడాలంటే అక్టోబర్‌లో ఎలివేటర్ దగ్గర నిలబడాలి. పొలాల నుంచి వచ్చిన ట్రక్కులు రోడ్డు దాకా వరసకడతాయి. ట్రక్కు కాటా మీదికి ఎక్కగానే పైనుంచి పొడవాటి గొట్టం దిగి గింజల్లోకి గుచ్చుకుంటుంది, శాంపిల్ లాగుతుంది. లోపల తేమ చూస్తారు. మొక్కజొన్నకి పదిహేను శాతం, సోయాకి పదమూడు. అంతకు మించితే ఆరబెట్టినందుకు డబ్బులో కోత పెడతారు. ట్రక్కు గోతి మీదికి వెళ్ళి అడుగు తలుపు తెరవగానే పసుపు పచ్చటి ధార బుసకొడుతూ దిగుతుంది. ఎర్రటి పొట్టు గాల్లోకి లేచి కార్ల అద్దాల మీద, వాకిళ్ళలో, జుట్టులో పడుతుంది. డ్రయ్యర్ ఫ్యాన్ల హోరు రాత్రంతా ఊరంతా వినిపిస్తుంది. రైతు భార్య సాయంత్రం డబ్బాల్లో అన్నాలు సర్దుకుని పొలానికే వెళ్తుంది, కంబైన్ ఆపి పది నిమిషాల్లో తినేస్తారు. ఆ ఆరు వారాలూ ఎవరినీ ఇంటికి పిలవకండి, రారు.

ఆ కోతల్లోనే ఒక రైతుకి జబ్బు చేసిందనుకోండి. చుట్టుపక్కల రైతులు సొంత కోత ఆపుకుని అరడజను కంబైన్లతో ఒకే రోజు దిగి ఆ పంటంతా కోసి ఎలివేటర్‌కి చేర్చేస్తారు. డీజిల్ ఖర్చు ఎవరూ అడగరు. నేను ఆ కోతలు చూశాను. ఆ రైతుల్లో ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి గట్టు తగాదా ఉందని నాకు తెలుసు. ఆ రోజు పక్కపక్క వరసల్లోనే కంబైన్లు నడిపారు. అమెరికా పల్లెల గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది, మనసు కష్టంగా ఉంటుంది.

పాప గురించి బెంగ వద్దు. నిజానికి మీ కుటుంబంలో అందరికన్నా ముందు కుదురుకునేది తనే. అయోవాలో నాలుగో తరగతి నుంచి 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో చేరొచ్చు, అంతకంటే చిన్నపిల్లలకి క్లోవర్ కిడ్స్ ఉంది. వెళ్ళిన మొదటి నెలలోనే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి వెళ్ళి చేర్పించండి. ఆవు, పంది పెంచాలనేం లేదు. మొక్కలు, కుందేలు, ఫొటోలు, కుట్టుపని ఏదైనా పెట్టొచ్చు. జూలైలో కౌంటీ ఫెయిర్ జరుగుతుంది. ఏడాదంతా పెంచిన దూడని కడిగి, దువ్వి, తెల్ల చొక్కా వేసుకుని జడ్జి ముందు తిప్పుతారు పిల్లలు. వేలంలో ఊరి బ్యాంకు, విత్తనాల డీలరు బజారు ధర కన్నా ఎక్కువ పెట్టి కొంటారు, ఆ డబ్బు పిల్లల కాలేజీకి. వేలం అయ్యాక దూడ మెడ పట్టుకుని ఏడ్చే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు, పక్కన నిలబడ్డ పెద్దవాళ్ళ కళ్ళూ తడుస్తాయి. ఇంకో ఏడేళ్ళకి పాప వేసవిలో విత్తన మొక్కజొన్న చేలల్లో ఆడ వరసల మగపూత తీసే పనికి వెళ్తానంటే వెళ్ళనివ్వండి. తెల్లారకముందే బస్సెక్కాలి, ఆకులు చేతులు కోస్తాయి. ఈ రాష్ట్రంలో చాలామంది సొంత సంపాదన మొదట చూసింది అక్కడే.

ఇబ్బందులూ చెప్పాలి. జనవరిలో గాలి వేస్తే మైనస్ ముప్పై సెల్సియస్‌లా అనిపించే రోజులుంటాయి. అడ్డం లేని మైదానంలో పడిన మంచే మళ్ళీ లేచి రోడ్డు కనపడకుండా చేస్తుంది. అలాంటప్పుడు రోడ్డెక్కద్దని షెరిఫ్ చెబితే ఎక్కకండి. కారులో దుప్పటి, పార, తినడానికి ఏదైనా ఉంచుకోండి. వేసవిలో టోర్నడోలు. 2024 మే 21న రెండు వేల మంది ఉండే గ్రీన్‌ఫీల్డ్ మీదుగా ఒకటి పోయింది, ఇళ్ళు పునాదుల మీంచి లేచిపోయాయి, ప్రాణాలు పోయాయి, ఆసుపత్రీ దెబ్బతింది. 2020 ఆగస్టు 10న వచ్చిన డెరేచో, అంటే తిన్నగా వీచే భీకరమైన తుఫాను గాలి, లక్షల ఎకరాల మొక్కజొన్నని నేలకి పరిచేసింది. సైరన్ మోగితే బేస్‌మెంట్‌లోకి వెళ్ళడం పాపకి మొదటి వారమే నేర్పండి. పందుల షెడ్ల వాసన కొన్ని రోజులు భరించలేం, ముఖ్యంగా కోతలయ్యాక ఆ ఎరువు నేలలోకి ఎక్కించేటప్పుడు. ఎరువుల్లోని నైట్రేట్లు నీరు బయటికి పోవడానికి చేల కింద పాతిన గొట్టాల గుండా నదుల్లోకి పోతున్నాయన్న గొడవ కూడా ఉంది. డెమోయిన్ నీటి సంస్థ 2015లో మూడు కౌంటీల మీద కేసు వేసింది, 2017లో కోర్టు కొట్టేసింది. సమస్య మాత్రం తీరలేదు. నా వృత్తిలోవాళ్ళం దీనికి ఇంకా చాలా చేయాల్సి ఉంది.

మనుషుల్లోనూ అందరూ ఒకేలా ఉండరు. రంగు చూసి మాట మార్చేవాళ్ళు ఒకరిద్దరు ఎదురవుతారు. మీరేం తింటారు, ఏ దేవుణ్ణి మొక్కుతారు అని అడిగేవాళ్ళు మాత్రం చాలామట్టుకు తెలియక, తెలుసుకోవాలని అడుగుతారు. చర్చికి రమ్మని పిలుస్తారు. రాలేమని నవ్వుతూ చెబితే చాలు, మళ్ళీ పిలిచేది తలా ఒక వంటకం తెచ్చుకునే పొట్లక్ భోజనానికే. పప్పు, పులిహోర, కారం తగ్గించిన వంకాయ కూర పట్టుకెళ్ళండి, గిన్నె మీద పేరు అతికించండి. మాంసం ప్యాకింగ్ ప్లాంట్ల చుట్టూ పెరిగిన స్టార్మ్ లేక్, డెనిసన్, పెరీ లాంటి ఊళ్ళలో లాటినోలు, ఇంకా ఎన్నో దేశాలవాళ్ళు ఉన్నారు. పెరీలో టైసన్ ప్లాంటు 2024 జూన్‌లో మూతబడి 1,300 మంది దాకా ఉద్యోగాలు పోయాయి. ఊరు చిన్నదైతే ఒక్క తలుపు మూసుకున్నా అందరికీ తగులుతుంది. మీ ఊళ్ళో ఏ పెద్ద యజమాని మీద ఎంతమంది ఆధారపడ్డారో కనుక్కోండి.

మీ గురించే నాకు కొంచెం ఆలోచన. మీవారికి ఆసుపత్రి, పాపకి బడి ఉంటాయి, మీకు ఏమీ లేకపోతే మొదటి చలికాలం చాలా బరువుగా గడుస్తుంది. వర్క్ పర్మిట్ వచ్చేదాకా లైబ్రరీలోనో బడిలోనో వాలంటీరుగా చేరండి. మే రెండో వారం దాటాక మంచు భయం పోతుంది, గోంగూర, బెండ, బీర గింజలు వేయండి. ఆ నల్లమట్టి, ఆ ఎండలు, ఆ ఉక్క మన కూరగాయలకి బాగా పడతాయి. ఆగస్టులో ఊరంతా టమాటాలు, జుకినీలు గుమ్మాల్లో పెట్టి పోతుంటారు, మీరూ బెండకాయలు పెట్టి రండి. పెద్ద రైతులతో మాట కలపడానికి నాకు ఎప్పుడూ పనికొచ్చేది హరిత విప్లవానికి ఆద్యుడైన నార్మన్ బోర్లాగ్ పేరు. 1914లో క్రెస్కో దగ్గరి పొలంలో పుట్టిన మనిషి. ఆయన మొదలుపెట్టిన వరల్డ్ ఫుడ్ ప్రైజ్ డెమోయిన్‌లో ఇస్తారు, 2005లో అది చేపల పెంపకంలో చేసిన కృషికి మా బాపట్లలో పుట్టిన మోదడుగు విజయ్ గుప్తా గారికి వచ్చింది. ఈ మాట చెబితే ముసలి రైతులు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. మనవాళ్ళని చూడాలనిపిస్తే ఏమ్స్‌లో, డెమోయిన్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. డెమోయిన్ దగ్గర మాడ్రిడ్ అనే చిన్న ఊళ్ళో గుడి ఉంది. కందిపప్పు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ నెలకోసారి వెళ్ళి తెచ్చుకుని ఫ్రీజర్ నింపుకోండి.

సంతకం పెట్టేముందు ఊరు చూడ్డానికి ముగ్గురూ వెళ్ళండి. సెప్టెంబర్‌లో, శుక్రవారం రాత్రి అక్కడ ఉండేలా చూసుకోండి. ఆ రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ ఉంటుంది, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. టికెట్ కొనుక్కుని పాపని తీసుకుని మెట్ల మీద కూర్చోండి. అరగంటలో ఎవరో ఒకరు వచ్చి మాట్లాడతారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి మీవారిని పెట్రోల్ బంకులోని కాఫీ బల్ల దగ్గరికి పంపండి, కాఫీ డబ్బులు ఎవరివో పాచికలు వేసి తేల్చుకునే పెద్దమనుషులుంటారు. ఆసుపత్రి వాళ్ళు చెప్పనివి కూడా వాళ్ళు చెబుతారు. ఇల్లు చూసేటప్పుడు బేస్‌మెంట్‌లో రాడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) పరీక్ష అడిగి మరీ చేయించండి. అయోవాలోని అన్ని కౌంటీలూ ఎక్కువ ప్రమాదం ఉన్న జాబితాలోనే ఉన్నాయి. ఊరి బయట ఇల్లయితే బావి నీళ్ళలో నైట్రేట్ కూడా చూపించండి.